మార్చిలో డాల్ఫిన్లు ఎక్కడికీ వెళ్లలేదు: నిజాంపట్నం సర్వేలో మేం చేసిన తప్పు, దాని దిద్దుబాటు

ముందు అసలు విషయం చెప్పేస్తాను. 2023-24 చలికాలంలో నిజాంపట్నం నుంచి మేం చేసిన డాల్ఫిన్ సర్వేలో జనవరి, ఫిబ్రవరి నెలల్లో బాగానే కనపడ్డ డాల్ఫిన్లు మార్చికి వచ్చేసరికి బాగా తగ్గిపోయాయి. ఎండలు ముదిరాయి, ఒడ్డు దగ్గర నీళ్లు వేడెక్కాయి, అందుకని లోతుకు వెళ్లిపోయి ఉంటాయని రిపోర్టులో రాశాం. నేను ఒక కాలేజీ సెమినార్‌లో నిలబడి అదే మాట చెప్పాను కూడా. అది తప్పు. మారింది డాల్ఫిన్లు కాదు, మేం సముద్రం మీదికి వెళ్లే టైం. అది మారడానికి కారణం సముద్రంలో లేదు, గుంటూరులో ఉంది. ఆ తప్పు ఎలా జరిగింది, ఎలా బయటపడింది, రెండో సీజన్‌లో ఏం మార్చాం అన్నది దాచకుండా రాస్తున్నాను, ఎందుకంటే చిన్న టీంతో, తక్కువ డబ్బుతో ఇలాంటి పని మొదలుపెట్టాలనుకునే పిల్లలు నా దగ్గరికి వస్తుంటారు, వాళ్లకి నేను ఇవ్వగలిగిన వాటిలో అన్నింటికంటే పనికొచ్చేది ఇదే అనిపిస్తుంది.

నేను గుంటూరులో జువాలజీ పాఠాలు చెబుతాను. నాతో పాటు ఎమ్మెస్సీ పూర్తి చేసిన ఇద్దరు పిల్లలు, ఒక పాత వ్యాను, జూమ్ లెన్స్ ఉన్న కెమెరా, చేతి జీపీఎస్, రెండు బైనాక్యులర్లు, మా సరంజామా అంతా ఇంతే. మిర్చి యార్డు వైపు రెండు గదుల పోర్షన్ అద్దెకు తీసుకున్నాం. ఫొటోలు చూసుకునేదీ, షీట్లు కంప్యూటర్‌లోకి ఎక్కించేదీ అక్కడే. ఫిబ్రవరి దాటిందంటే కిటికీ తీస్తే చాలు, ఘాటుకి దగ్గు మొదలవుతుంది. అక్కడి నుంచి తెనాలి, రేపల్లె మీదుగా నిజాంపట్నం వెళ్లాలి. 2022 ఏప్రిల్ దాకా అదీ గుంటూరు జిల్లానే, ఇప్పుడు బాపట్ల జిల్లా. హార్బర్‌లో ఒక ఫైబర్ బోటు మాట్లాడుకున్నాం. దానికి ఓనరూ సరంగూ ఒక్కరే, ముప్పై ఏళ్లుగా ఆ నీళ్లలోనే వల వేస్తున్న మనిషి. మేం బాబాయ్ అని పిలుస్తాం.

మేం చూసేది ముఖ్యంగా రెండింటిని. ఒకటి హంప్‌బ్యాక్ డాల్ఫిన్, ఒడ్డుకు దగ్గరగా, నది సముద్రంలో కలిసే మొగల దగ్గర, ఎక్కువగా ఇరవై పాతిక మీటర్ల లోతు లోపలే తిరుగుతుంది. ఇది సౌసా అనే ప్రజాతిలోది, ఆ ప్రజాతిని 2014లో నాలుగు జాతులుగా విడగొట్టారు. అరేబియా సముద్రం వైపుది సౌసా ప్లంబియా, ఆగ్నేయాసియా వైపుది సౌసా చైనెన్సిస్, బంగాళాఖాతంలో ఈ రెండింటి హద్దు ఎక్కడన్నది ఇంకా తేలలేదు, అందుకే మా షీట్‌లో జాతి గడిలో సౌసా అని రాసి ఊరుకుంటాం. రెండోది ఫిన్‌లెస్ పోర్పస్. దీనికి అసలు వీపు రెక్కే ఉండదు, నీళ్లు చిమ్మకుండా చప్పుడు లేకుండా పైకి వచ్చి ఊపిరి తీసుకుని మునిగిపోతుంది. నున్నటి నల్లటి వీపు ఒక్క క్షణం కనపడుతుంది, అంతే. ఈ పోర్పస్ గురించి ఇక్కడే గుర్తు పెట్టుకోండి, తర్వాత మా తప్పు పట్టించింది చాలావరకు ఇదే.

రెండూ వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్‌లో ఉన్నాయి. కాబట్టి దగ్గరికి తోలుకుంటూ వెళ్లడం, వెంటపడటం, పిల్లా తల్లీ మధ్యలోకి బోటు పోనివ్వడం ఏదీ కుదరదు. మడ అడవుల అభయారణ్యం వైపు వెళ్లాలంటే అటవీ శాఖ అనుమతి వేరే ఉండాలి. ఈ కాగితాల పని సీజన్ మొదలవడానికి చాలా ముందే పెట్టుకోవాలి, దాని గురించి ఇంతకంటే చెప్పేదేం లేదు.

పని పద్ధతి ఇది. మ్యాప్ మీద ఒడ్డు నుంచి లోపలికి, మళ్లీ ఒడ్డుకు, రంపపు పళ్లలాగా గీతలు గీసుకుని బోటు ఆ గీతల మీదే నడుపుతాం. మూడు బారల లోతు నుంచి పది పదకొండు బారల దాకా. బార అంటే సుమారు ఆరడుగులు, బాబాయ్ తాడు వదిలి బారల్లో చెబుతాడు, మేం మీటర్లలోకి మార్చి రాసుకుంటాం. వేగం గంటకు పన్నెండు కిలోమీటర్ల లోపే. ఒకరు ఎడమ పక్క, ఒకరు కుడి పక్క చూస్తారు, మూడో మనిషి రాస్తారు, అరగంటకొకసారి చోట్లు మారతాం, ఎందుకంటే ఆ ఎండలో నీళ్ల మీద మెరుపు చూసి చూసి కళ్లు మొద్దుబారిపోతాయి. డాల్ఫిన్ కనపడగానే మొదట కోణం, దూరం రాయాలి, కెమెరా ఆ తర్వాతే. దూరం అంచనా వేయడం ఎవరికీ పుట్టుకతో రాదు. నీళ్ల మీద రెండొందల మీటర్లని మా పిల్లలు మొదట్లో నాలుగొందలనేవాళ్లు. అందుకని వలలకి కట్టే థర్మోకోల్ జెండాల దగ్గరికి వెళ్లి, దూరం ముందు నోటితో చెప్పించి, తర్వాత జీపీఎస్‌లో చూపించి రెండు రోజులు ప్రాక్టీస్ చేయించాం.

ప్రతి షీట్‌లో గాలి, అల ఎలా ఉన్నాయో రాసే గడి ఒకటి ఉంటుంది, బోఫర్ట్ స్కేలు. సున్నా అంటే నీళ్లు అద్దంలా ఉన్నట్టు. రెండు అంటే చిన్న అలలు, తలలు విరగవు. మూడుకి అక్కడక్కడా తెల్లనురుగు లేస్తుంది. నాలుగుకి ఎటు చూసినా తెల్ల తలలే, ఆ తెలుపులో బూడిద రంగు రెక్క ఎక్కడుందో వెతకడం దాదాపు అసాధ్యం. మొదటి సీజన్‌లో ఈ గడిని మేం రోజుకి ఒకసారి, హార్బర్ దాటగానే నింపి వదిలేశాం. మా తప్పుల్లో అన్నింటికంటే చిన్నగా కనపడేది ఇదే, అన్నింటికంటే ఎక్కువ నష్టం చేసిందీ ఇదే.

మొదటి సీజన్ మొదలవడమే మిచౌంగ్ తుఫానుతో. 2023 డిసెంబర్ 5న అది బాపట్ల దగ్గరే తీరం దాటింది, బోట్లన్నీ లోపలికి లాగేశారు, నీళ్లు తేరుకునేదాకా ఆగి, నెలాఖరులో గానీ మొదటి గీత మీదికి వెళ్లలేకపోయాం. జనవరి మాత్రం అద్భుతంగా గడిచింది. రాత్రి మూడున్నరకే గుంటూరులో బయల్దేరితే చీకటి వదలక ముందే హార్బర్, వెలుతురు వచ్చేసరికి మొగ దాటి సముద్రంలో ఉండేవాళ్లం. ఒకరోజు పొద్దున గొరక చేపల వల తీస్తున్న బోటు చుట్టూ ఆరేడు డాల్ఫిన్లు తిరుగుతూ కనపడ్డాయి, ఒక పిల్ల తల్లి పక్కనే ఆనుకుని, తల్లి ఊపిరి తీసుకున్న ప్రతిసారీ ఒక్క క్షణం ఆలస్యంగా తనూ తల పైకెత్తేది. పిల్ల డాల్ఫిన్ ఊపిరి వదిలినప్పుడు చప్పుడు కూడా చిన్నగా తుమ్మినట్టు ఉంటుంది. మా టీంలోని అమ్మాయి ఆ రోజు దూరం రాయడం మర్చిపోయింది, నేను ఏమీ అనలేదు.

ఫిబ్రవరి చివరికొచ్చేసరికి సందడి తగ్గింది. మార్చిలో ఖాళీ రోజులు పెరిగాయి. ఏప్రిల్ 15న వేట నిషేధం మొదలైతే జూన్ 14 దాకా, 61 రోజులు బోట్లు కదలవు కాబట్టి మా సీజన్ కూడా అక్కడితో ఆగింది. గ్రాఫ్ గీస్తే జనవరి నుంచి మార్చికి గీత చక్కగా కిందికి దిగింది, చూడ్డానికి ఎంత నమ్మకంగా ఉందంటే కారణం కూడా మాకు వెంటనే తట్టింది. ఎండ, వేడి, చేపలు లోతుకు పోవడం, వాటి వెనక డాల్ఫిన్లు. వినడానికి బాగుందన్న ఒక్క కారణంతో ఎవరం ఎదురు ప్రశ్న వేయలేదు.

మే నెలలో బోటు అద్దె బాకీ ఇవ్వడానికి నిజాంపట్నం వెళ్లాను. నిషేధం రోజులు కాబట్టి బోట్లన్నీ ఒడ్డు పట్టున కట్టేసి ఉన్నాయి, బాబాయ్ నీడపట్టున కూర్చుని వల అల్లిక చూసుకుంటున్నాడు. మాటల్లో, మార్చిలో మీ డాల్ఫిన్లు మమ్మల్ని వదిలేసి లోతుకు వెళ్లిపోయాయి బాబాయ్ అన్నాను. ఆయన చేతిలో పని ఆపి నా వంక చూశాడు. "ఎక్కడికీ వెళ్లలేదండీ మేడంగారూ. చీకటితో వల తీసేటప్పుడు రోజూ ఉంటున్నాయి గదా. మీరు వచ్చేసరికి గాలి ఎక్కేస్తుందండీ, అప్పుడు మాకే కనపడవు" అన్నాడు. అని ఊరుకోలేదు, ఫోన్ తీసి వీడియో చూపించాడు. మార్చి రెండో వారం, టైం పొద్దున ఆరు దాటి కొద్ది నిమిషాలు, వల పక్కన రెండు డాల్ఫిన్లు. ఫోన్ ఊగుతోంది, రెక్క మసకగా ఉంది, కానీ ఒక చోట ఆపితే వెనక అంచులో అర్ధచంద్రాకారంలో పెద్ద గాటు కనపడుతోంది. ఆ గాటు నాకు తెలుసు. ఒక్కో డాల్ఫిన్‌ని రెక్క మీది గాట్లని బట్టి గుర్తుపట్టి ఒక నంబరు ఇస్తాం, జనవరిలో మేం తీసిన ఫొటోల్లో ఏడో నంబరు రెక్క అది. అంత మసక బొమ్మని మా ఆల్బంలోకి ఎక్కించలేం, దానికి నాణ్యత నియమాలు ఉన్నాయి, ఎక్కించలేదు కూడా. కానీ ఆ ఒక్క వీడియో చూశాక మా గ్రాఫ్ మీద నాకు నమ్మకం పోయింది.

ఆ రాత్రే గదికి వచ్చి షీట్లన్నీ నేల మీద నెలలవారీగా పరిచాం. కుడివైపు చివర మేం ఎప్పుడూ పట్టించుకోని గడి ఒకటుంది, గీత మొదలుపెట్టిన టైం. జనవరిలో ఆరున్నర, ఆరు నలభై. మార్చిలో ఎనిమిది, ఎనిమిదిన్నర, ఒకరోజు తొమ్మిది దాటింది. మేం సోమరితనంతో ఆలస్యం చేసిందేమీ కాదు, ప్రతిరోజూ అదే మూడున్నరకి లేచాం. మా గది ఉన్న వైపు ఫిబ్రవరి నుంచి మిర్చి సీజన్ ఊపందుకుంటుంది, తెల్లవారకముందే టిక్కీల, అంటే మిర్చి బస్తాల లారీలు బారులు తీరతాయి, మా వ్యాను ఊరు దాటడానికే గంట పట్టేది. గంటే కదా అనుకున్నాం. నిజాంపట్నం మొగ దగ్గర ఇసుక మేట ఉంటుంది, పోటు మీద ఉన్నప్పుడే బోటు సాఫీగా దాటుతుంది, ఆ గంట జారిపోయిన రోజున నీళ్లు తగ్గిపోయి మళ్లీ పోటు కోసమో, లేదంటే మెల్లగా పక్క దారి వెతుక్కుంటూనో ఇంకో గంట పోయేది. గుంటూరులో పోయిన గంట మొగ దగ్గరికి వచ్చేసరికి రెండు గంటలయ్యేది. ఈలోపు మార్చి ఎండకి నేల వేడెక్కి దక్షిణపు గాలి జనవరిలో కంటే ముందే లేచేది. అంటే జనవరిలో నున్నటి నీళ్ల మీద చూసిన లెక్కని మార్చిలో తెల్ల తలల మధ్య చూసిన లెక్కతో పోల్చి, తేడా మొత్తం డాల్ఫిన్ల ఖాతాలో రాసేశాం.

ఇది ఊహ కాదు, గాలి పనే అని చెప్పడానికి షీట్లలోనే రెండు గుర్తులు దొరికాయి, ఇవి ఎవరి డేటాలోనైనా వెతకదగ్గవి. మొదటిది పోర్పస్. డాల్ఫిన్లు తగ్గాయి, కానీ పోర్పస్‌లు పూర్తిగా మాయమయ్యాయి, అదీ డాల్ఫిన్ల కంటే ముందే. రెక్క లేని జంతువు చిన్న అలకే కనపడకుండా పోతుంది, రెక్క ఉన్నది ఇంకాస్త గాలిని తట్టుకుని కనపడుతుంది. రెండింటికీ ఒకే సీజన్ మార్పు వచ్చి ఉంటే ఇంత సరిగ్గా కంటికి కనపడే తేలికను బట్టే తగ్గవు. రెండోది గుంపు సైజు. మార్చిలో కనపడిన కొద్ది గుంపులూ పెద్దవే. ఒంటరివి, జంటలు షీట్లలో లేవు. అప్పట్లో దాన్ని కూడా మేం గుంపులుగా కలిసి వలస పోతున్నాయని అర్థం చేసుకున్నాం. నిజానికి గాలిలో పెద్ద గుంపు మాత్రమే కంటికి ఆనుతుంది, చిన్నవి మన పక్క నుంచే వెళ్లిపోయినా తెలియదు.

రెండో సీజన్‌కి, అంటే 2024 డిసెంబర్ నుంచి 2025 ఏప్రిల్ 14 దాకా, మొదట మార్చింది మా పడక. హార్బర్‌కి నడిచి వెళ్లేంత దూరంలో ఒక గది తీసుకుని, సర్వే రోజుకి ముందు రాత్రే అక్కడికి చేరేవాళ్లం. కెమెరాలు, లెన్సులు, ఇంకో సెన్సరు అంటూ అడిగేవాళ్లకి నేను ముందు ఇదే చెబుతాను, మీ డబ్బులు మొదట హార్బర్ పక్కన గదికి పెట్టండి, తర్వాత లెన్స్‌కి పెట్టండి. సర్వే తేదీలు పోటు పట్టిక చూసి నెల ముందే పెట్టుకున్నాం. పోటు రోజూ సుమారు 50 నిమిషాలు వెనక్కి జరుగుతుంది కాబట్టి అమావాస్య, పౌర్ణమి దగ్గరి రోజులూ, అష్టమి దగ్గరి రోజులూ ప్రతి నెలా సమానంగా పడేట్టు చూశాం, లేదంటే ఒక నెలంతా పోటు మీద, ఇంకో నెలంతా నీళ్లు తగ్గే పాటు మీద చూసి దాన్ని మళ్లీ సీజన్ అనుకునే ప్రమాదం ఉంది. గాలి గడి ప్రతి పావుగంటకీ నింపాలి. మూడు దాటితే గీత ఆపేసినట్టు రాయాలి, ఆ తర్వాత డాల్ఫిన్ కనపడినా ఫొటో తీసుకోవచ్చు గానీ లెక్కలోకి రాదు. ఈ నియమం పిల్లలకి చాలా కష్టంగా ఉండేది, కళ్లెదుట నాలుగు డాల్ఫిన్లు ఆడుతుంటే లెక్కలో రాయొద్దంటే ఎవరికైనా మనసొప్పదు. మార్చిలో ప్రశాంతంగా ఉండే గంటలు తక్కువ కాబట్టి జనవరి గంటలతో సమానం చేయడానికి మార్చిలో ఎక్కువ రోజులు వెళ్లాం, ఖర్చులో పెద్ద పద్దు డీజిల్ కాబట్టి ఆ మేరకి వేరే చోట తగ్గించుకున్నాం. ఏమీ కనపడని రోజుల షీట్లు కూడా అంతే జాగ్రత్తగా నింపాం, ఖాళీ షీట్ అని ఎవరూ అనకూడదని మా గదిలో గట్టిగా చెప్పుకున్నాం.

ప్రశాంతంగా ఉన్న గంటలను మాత్రమే తీసి పోల్చి చూస్తే, 2025 మార్చి జనవరికి తీసిపోలేదు. పోర్పస్‌లు కూడా మార్చి షీట్లలోకి వచ్చాయి. జంటలు, ఒంటరివి కనపడ్డాయి. ఒక్క తేడా మాత్రం ఉంది, మార్చిలో మేం చూసినవి మొగకి ఇంకాస్త దగ్గరగా ఉన్నాయి. అది నిజమైన మార్పు అయ్యుండొచ్చు, కానీ ఒకసారి దెబ్బతిన్నాం కాబట్టి ఇంకో సీజన్ అదే పద్ధతిలో చూసేదాకా దాన్ని సీజన్ మార్పు అని ఎక్కడా రాయను.

ఏడో నంబరు గురించి చెప్పాలి. రెక్కల్ని గుర్తుపట్టేది వెనక అంచులోని గాట్లని బట్టి. దీనికి పైనుంచి మూడో వంతు దగ్గర వేలి గోరంత నొక్కు, దాని కింద ఇందాక చెప్పిన అర్ధచంద్రం. మొదటి సీజన్‌లో దీన్నే రెండు జంతువులుగా రాశాం, ఏడు, పదకొండు. ఏడు కుడి పక్క నుంచి తీసిన ఫొటో, పదకొండు ఎడమ పక్క నుంచి తీసింది, ఆ పక్కన చర్మం మీద తెల్లటి గీత ఒకటి పొడుగ్గా ఉంది, ఆ గీతే చూసి వేరే జంతువనుకున్నాం. చర్మం మీది గీత ఒక పక్కే ఉంటుంది, కొన్నాళ్లకి చెరిగిపోతుంది కూడా. గాటు అలా కాదు, అది రెక్కని కోసుకుపోతుంది కాబట్టి ఏ పక్క నుంచి చూసినా ఉంటుంది, కాకపోతే అద్దంలోలా తిరగబడి కనపడుతుంది. మా టీంలోని అమ్మాయి ఒక ఫొటోని తిప్పి, సగం పారదర్శకంగా చేసి రెండోదాని మీద పెట్టింది. రెండు గాట్లూ అతికినట్టు కూర్చున్నాయి. పదకొండో నంబరు కొట్టేశాం, ఆ నంబరు మళ్లీ ఇంకోదానికి ఇవ్వలేదు. 2025 మార్చిలో ఒక తెల్లవారుజామున, నీళ్లు ఇంకా బూడిద రంగులో ఉండగా, అదే రెక్క మా బోటుకి ఎడమ పక్క లేచింది. ఈసారి ఫొటో స్పష్టంగా ఉంది, ఎడమ పక్క తెల్ల గీత దాదాపు మాసిపోయింది, అర్ధచంద్రం అలాగే ఉంది. వెళ్లిపోయిందని నేను సెమినార్‌లో చెప్పిన జంతువు అదే నెలలో నా ముందు ఊపిరి తీసుకుంటోంది. బాబాయ్ ఇంజన్ స్పీడ్ తగ్గించి ఏమీ అనకుండా నా వైపు చూశాడు.

మధ్యలో 2024 సెప్టెంబర్ మొదట్లో కృష్ణకి వచ్చిన వరద గురించి కూడా చాలామంది అడిగారు. ప్రకాశం బ్యారేజీ నుంచి 11 లక్షల క్యూసెక్కులకు పైగా నీళ్లు వదిలారు, విజయవాడ పడిన బాధ అందరం చూశాం, అంత మంచినీళ్లు మొగల్లోకి వస్తే డాల్ఫిన్లు ఏమయ్యాయి అని. ఉప్పు బాగా తగ్గిన నీళ్లలో ఎక్కువ రోజులు ఉండిపోతే డాల్ఫిన్ల చర్మం మీద పుండ్లు లేస్తాయన్నది తెలిసిన విషయమే, అందుకని డిసెంబర్ నుంచి తీసిన ప్రతి ఫొటోలో చర్మం విడిగా చూసి ఒక గడి నింపుతున్నాం. కానీ వరద వల్ల పెరిగాయా తగ్గాయా అంటే, అంతకుముందు ఏ సెప్టెంబర్‌లోనూ మేం నీళ్ల మీద లేం, పోల్చడానికి ఎదురుగా ఏమీ లేనప్పుడు జవాబు చెప్పకూడదు. ఒక పత్రిక అబ్బాయి ఫోన్‌లో గట్టిగానే అడిగాడు, అతనికీ ఇదే చెప్పాను.

అదే సెమినార్‌కి మళ్లీ వెళ్లాను. నిర్వాహకులకి ముందే ఫోన్ చేసి, పోయినసారి చెప్పింది సరిదిద్దుకోవాలి, పది నిమిషాలు ఇస్తే చాలన్నాను. పాత గ్రాఫ్ పెట్టాను, దాని కింద అవే తేదీలకి మేం బోటెక్కిన టైముల గ్రాఫ్ పెట్టాను. రెండు గీతలూ ఒకదానికొకటి అద్దం పట్టినట్టు ఉంటాయి, ఒకటి దిగుతుంటే ఇంకోటి ఎక్కుతుంది. హాల్లో వెనక వరసలో ఒక కుర్రాడు లేచి, అంటే మేడం, ఆ నెల మీరు మిర్చి లారీలని లెక్కపెట్టారన్నమాట అన్నాడు. అవును, అచ్చంగా అదే అన్నాను.

ఇప్పుడు మా షీట్‌లో టైం గడి కుడి చివర లేదు, తేదీ పక్కనే మొదటి వరసలో ఉంది. బాబాయ్ వీడియోలకి వేరే ఫోల్డర్ పెట్టాం, లెక్కలోకి తీసుకోకపోయినా తేదీ, టైం, బారల లోతు ఆయన్నే అడిగి రాసుకుంటాం. నిషేధం ఎత్తేశాక మొదటి బోట్లు జూన్ 14 అర్ధరాత్రి దాటగానే వేటకి బయల్దేరతాయి. మేం ఆ సాయంత్రానికే నిజాంపట్నంలో ఉంటాం.